చెవి మీద కీలాయిడ్ కోయించినా రెట్టింపై మళ్ళీ వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

కందుకూరు దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి అడిగారు. వాళ్ళ పెద్దమ్మాయికి 19 ఏళ్ళు. ఇంటర్ అయ్యాక సరదాపడి చెవి పైభాగాన ఇంకో కుట్టు కుట్టించుకుంది. కొన్ని నెలలకు అక్కడ గట్టిగా కాయలా లేచింది. దగ్గర్లోని ఆస్పత్రిలో చిన్న ఆపరేషన్ చేసి తీసేశారు. ఏడాది తిరక్కుండానే అది ఉసిరికాయంత అయి కూర్చుంది. దురద, రాత్రిళ్ళు సలుపు. "ఇది క్యాన్సరా? కుట్లు పచ్చిగా ఉండగా వంకాయ కూర తిన్నందుకే అంటున్నారు మా అత్తగారు. సంబంధాలు చూస్తున్నాం, మళ్ళీ కోయించేస్తే పోతుందా? చిన్నపాపకు ఆరేళ్ళు, దానికి చెవులు కుట్టించవచ్చా?" అని ప్రశ్న.

అమ్మా, ముందు జవాబు చెప్పేస్తాను. మీరు రాసిన లక్షణాలన్నీ కీలాయిడ్‌వి, అంటే గాయం మానిన చోట మచ్చ ఆగకుండా పెరిగి గడ్డ కావడం. అది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారే రకమూ కాదు. వంకాయకు, దీనికి సంబంధం లేదు. కోసి కుట్లు వేసి పంపేసే ఆపరేషన్ మాత్రం ఇంకోసారి చేయించకండి. కోయడం తప్పు కాదు. కోశాక ఆ చోటు మళ్ళీ పెరగకుండా ఏం చేస్తారన్నది ముందే తేల్చుకోకుండా కత్తి పెట్టించడం తప్పు. ముందు గడ్డలోకే స్టెరాయిడ్ సూదులు, అవసరమైతే ఆ తర్వాత కోత, కోత వెంటనే మళ్ళీ సూదులు, చెవికి ఒత్తిడి క్లిప్పు, కనీసం ఏడాదిపాటు పరీక్షలు. ఇదంతా కలిపితేనే వైద్యం. రెండు వారాల్లో పోయేది కాదు.

నేను నెల్లూరులో చర్మవ్యాధుల డాక్టర్ని. ఉదయగిరి, కనిగిరి వైపు నుంచి మొదలుకొని ఇటు సూళ్ళూరుపేట దాకా ఇలాంటి చెవులు, ఛాతీలు, భుజాలు చూస్తూనే ఉంటాను. వచ్చేవాళ్ళలో చాలామంది అప్పటికే ఒకసారి కోయించుకున్నవాళ్ళే. అందుకే కొంచెం వివరంగా రాస్తాను. లోపల ఏం జరుగుతోందో తెలిస్తే, ఏడాదిపాటు తిరగమని డాక్టరు ఎందుకంటున్నాడో మీకే అర్థమవుతుంది.

చర్మం తెగగానే ముందు రక్తం ఆగాలి. ప్లేట్‌లెట్లు చేరి గడ్డ కడతాయి. అంతటితో ఊరుకోకుండా టీజీఎఫ్ బీటా, పీడీజీఎఫ్ లాంటి రసాయన సంకేతాలు వదులుతాయి. వాటిని పట్టుకుని తెల్లరక్తకణాలు వస్తాయి. మొదటి కొన్ని రోజులు గాయం చుట్టూ ఎర్రగా, వెచ్చగా, కాస్త వాచినట్టు ఉండేది వాటి పని వల్లే. తర్వాత ఫైబ్రోబ్లాస్టులు అనే కణాలు వచ్చి కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు తయారుచేసి ఖాళీని నింపుతాయి. వాటిలో కొన్ని కండరం లాగా ముడుచుకునే శక్తి తెచ్చుకుని గాయం అంచుల్ని దగ్గరికి లాగుతాయి. వీటిని మయోఫైబ్రోబ్లాస్టులు అంటారు. 1971లో గాబియాని అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు వీటి సంగతి బయటపెట్టారు.

గాయం మూసుకుపోయాక ఈ కణాలకు అక్కడ పని లేదు. వాటంతటవే చచ్చిపోవాలి. హడావిడిగా వేసిన మూడో రకం కొల్లాజెన్‌ను కొన్ని ఎంజైములు కరిగిస్తూ ఉంటే, దాని చోట గట్టిదైన మొదటి రకం కొల్లాజెన్ వచ్చి చేరుతుంది. ఈ సర్దుబాటుకు ఏడాది పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. మామూలు చర్మంలో పోగులు చాప అల్లికలా ఒకదాంట్లోంచి ఒకటి దూరి ఉంటాయి. మచ్చలో ఆ అల్లిక ఉండదు, పోగులు ఒకే దిక్కుకు పరుచుకుని ఉంటాయి. అందుకే ఎంత చక్కగా మానినా ఆ చోటు పాత చర్మం బలంలో సుమారు 80 శాతాన్ని మించదు.

కీలాయిడ్‌లో చెడేది ఎక్కడంటే ఈ ఆగడం దగ్గరే. పైన చర్మం మూసుకుపోతుంది, లోపలి పొరలో మాత్రం వాపు చల్లారదు. చర్మంలో పైపొర కింద డెర్మిస్ ఉంటుంది, అందులోనూ అడుగు భాగాన్ని రెటిక్యులర్ డెర్మిస్ అంటారు. దెబ్బ అక్కడిదాకా దిగితేనే కీలాయిడ్ వస్తుంది. పైపైన గీరుకుపోయిన గాయాలకు రాదు. ఆ లోతు పొరలో సన్నగా రగులుతున్న వాపు టీజీఎఫ్ బీటా సంకేతాన్ని ఆపకుండా పంపుతూ ఉంటుంది. ఫైబ్రోబ్లాస్టులు చావాల్సింది పోయి పని చేస్తూనే ఉంటాయి. కీలాయిడ్‌లో కొల్లాజెన్ తయారీ మామూలు చర్మంతో పోలిస్తే ఇరవై రెట్ల దాకా ఉంటుందని లెక్క కట్టారు. ఒకపక్క తయారీ ఇంత, ఇంకోపక్క కరిగించే ఎంజైముల పని తక్కువ. గడ్డ పెరగకేం చేస్తుంది?

దురద గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ గడ్డల్లో మాస్ట్ కణాలు ఉంటాయి, వాటిలోంచి దురద పుట్టించే హిస్టమిన్ వస్తుంది. సన్నటి నరాలు కూడా ఇరుక్కుని ఉంటాయి. దురద, సలుపు ఉన్నాయంటే లోపల పని జరుగుతోందని అర్థం. నేను పేషెంటును మొదట అడిగేది సైజు గురించి కాదు, "దురద ఉందా, రాత్రి నిద్ర పడుతోందా?" అని. సూదులు వేశాక అన్నిటికన్నా ముందు తగ్గేది కూడా దురదే. గడ్డ కరగడం ఆ తర్వాత.

ఉబ్బిన ప్రతి మచ్చా కీలాయిడ్ కాదు. దీన్ని అసలు వదలకూడదు. చీమకుర్తి గ్రానైట్ పనుల్లో చేయి తెగినవాళ్ళు, పొగాకు బ్యారన్ దగ్గర గొట్టాలు తగిలి కాలినవాళ్ళు చాలామంది ఎర్రగా తాడులా ఉబ్బిన మచ్చతో వస్తారు. అది గాయం గీత దాటదు. నెల, రెండు నెలల్లో మొదలై కొన్ని నెలలు పెరిగి, ఆ తర్వాత మెల్లగా తనంతట తానే చదునవుతుంది. దాన్ని హైపర్‌ట్రోఫిక్ స్కార్ అంటాం. కీలాయిడ్ అలా కాదు. గాయం గీత దాటి మంచి చర్మంలోకి పాకుతుంది. గాయం మానిన చాలా నెలలకు, ఒక్కోసారి ఏళ్ళ తర్వాత కూడా మొదలవుతుంది. ఊరికే తగ్గదు. చెవికి పడిన రంధ్రం ఎంత? సూదిమొనంత. ఇప్పుడు గడ్డ ఉసిరికాయంత. ఆ తేడాయే మీ అమ్మాయిది కీలాయిడ్ అని చెబుతోంది. మొదటి రకానికి ఓపిక పట్టి, సిలికాన్ పట్టీ వేస్తే చాలాసార్లు సరిపోతుంది. ఏడాది ఆగితే తగ్గిపోయే మచ్చకు భయపడి ఆపరేషన్లు చేయించుకున్నవాళ్ళను చూశాను, బాధేస్తుంది.

ఎవరికి వస్తుంది అంటే, చామనఛాయ, నలుపు చర్మాల్లో ఎక్కువ. పదేళ్ళకు, ముప్పై ఏళ్ళకు మధ్య వయసులో ఎక్కువ. గర్భంతో ఉన్నప్పుడు ఉన్నవి పెద్దవవడం మామూలే. కుటుంబాల్లో పాకుతుంది కూడా. 2010లో జపాన్ వాళ్ళ జన్యువుల మీద జరిగిన అధ్యయనంలో దీనితో ముడిపడ్డ చోట్లు కొన్ని దొరికాయి, వాటిలో ఒకటి ఎన్ఈడీడీ4 అనే జన్యువు. మీ ఇంట్లో ఎవరికైనా ఛాతీ మీదో, బీసీజీ టీకా వేసిన భుజం మీదో ఇలాంటి గట్టి కండ ఉందా? మీ వారి వైపు, మీ పుట్టింటి వైపు రెండూ అడిగి చూడండి. చిన్నపాప విషయం తేల్చడానికి అది కావాలి.

ఒంటి మీద ఎక్కడ అన్నది కూడా ముఖ్యం. ఛాతీ మధ్య, భుజాలు, వీపు పైభాగం. ఇవన్నీ చేతులు కదిపినప్పుడల్లా చర్మం లాగుడుకు లోనయ్యే చోట్లు. ఛాతీ మీద మొటిమ మానిన చోట మొదలైన కీలాయిడ్ నిలువుగా పెరగదు, రెండు భుజాల వైపుకు అడ్డంగా సాగుతుంది. లాగుడు ఏ దిక్కుకో పెరుగుదల ఆ దిక్కుకే. ఫైబ్రోబ్లాస్టులు ఆ లాగుడును గుర్తుపట్టి ఇంకా కొల్లాజెన్ వేస్తాయి. కనురెప్ప మీద చర్మం వదులుగా ఉంటుంది, అక్కడ కీలాయిడ్ రావడం చాలా అరుదు. మరి చెవికి లాగుడేముంది అంటారేమో. చెవికి చెరుపు వేరే దారిన వస్తుంది. రంధ్రం మానకముందే చీము పట్టడం, గిల్టు కమ్మల్లోని నికెల్ పడక నెలల తరబడి రసి కారడం, మాటిమాటికీ కమ్మ తిప్పడం. పై చెవి మృదులాస్థి మీద కుట్టించినప్పుడు గాయం మానడం ఇంకా ఆలస్యం. వాపు ఎంతకాలం ఉంటే అపాయం అంత.

ఇప్పుడు మొదటి ఆపరేషన్ ఎందుకు వికటించిందో మీకే తెలుస్తుంది. కీలాయిడ్ పెరిగే గుణం ఉన్న చర్మానికి సూదిమొనంత గాయమే చాలింది. కోతతో దాన్ని అంగుళం గాయం చేశారు, కుట్లతో బిగించారు, ఆ తర్వాత ఏమీ చేయలేదు. ఉత్త ఆపరేషనే చేస్తే తిరిగి రావడం 45 నుంచి 100 శాతం దాకా ఉంటుందని వైద్య గ్రంథాల్లో ఎప్పటినుంచో ఉంది. ఆ డాక్టరుగారి చేయి మంచిది కాదని అనుకోవద్దు. ఎంత గొప్ప చేత్తో కుట్టినా ఇదే జరిగేది.

వైద్యం సంగతికి వద్దాం.

మొదటి మందు ట్రయామ్‌సినలోన్ సూది. 1960ల నుంచి వాడుతున్న మందు, ఖరీదు తక్కువ. నేరుగా గడ్డ లోపలికి వేస్తాం. వాపును అణుస్తుంది, ఫైబ్రోబ్లాస్టుల పని తగ్గిస్తుంది, కొల్లాజెన్ కరగడానికి వీలిస్తుంది. మూడు నాలుగు వారాలకోసారి, అవసరాన్ని బట్టి చాలా విడతలు పడుతుంది. రెండు విడతలకు "తగ్గింది కదా" అని మానేసేవాళ్ళే ఎక్కువ, మళ్ళీ పెరిగాక వస్తారు.

ఈ సూది వేయడంలో ఒక మెలకువ ఉంది, తెలుసుకుంటే మీకు భయం పోతుంది. పాత కీలాయిడ్ కర్రలా గట్టిగా ఉంటుంది. మొదటిసారి సూది గుచ్చి సిరంజి నొక్కితే మందు లోపలికి పోదు. బొటనవేలు నొప్పి పుట్టేలా నొక్కాలి. సూది ఊడి మందు మొహాన పడకుండా మరబిగింపు ఉన్న సిరంజి వాడతాం. మందు సరైన చోటికి వెళ్తే గడ్డ అక్కడక్కడా తెల్లబడుతుంది. నొక్కగానే సాఫీగా వెళ్ళిపోయిందంటే సూది గడ్డ దాటి కింద కొవ్వులోకి దిగిందన్నమాట, అక్కడే ఆపాలి. అలా కింద పడ్డ మందు వల్లే చర్మం గుంట పడేది. రెండో మూడో విడతకు గడ్డ మెత్తబడి మందు తేలిగ్గా ఎక్కుతుంది. నొప్పి ఉంటుంది, దాచను. ముందు మత్తు క్రీము రాసి గంట ఆగడం, మందులో లిగ్నోకెయిన్ అనే మత్తుమందు కలపడం, ఐసు పెట్టడం వల్ల చాలావరకు తట్టుకుంటారు.

చెడుగుణాలు కూడా చెప్పాలి. సూది వేసిన చోట చర్మం తెల్లబారవచ్చు, పలచబడవచ్చు, సన్నటి రక్తనాళాలు కనిపించవచ్చు. ఆడపిల్లలకు ఆ నెల నెలసరి అటూఇటూ కావచ్చు. ముందే చెప్పకపోతే ఇంట్లో లేనిపోని టెన్షన్. షుగర్ ఉన్నవాళ్ళకు కొన్ని రోజులు షుగర్ పెరగొచ్చు. స్టెరాయిడ్ ఒక్కదానికి లొంగకపోతే 5-ఫ్లోరోయురాసిల్ అనే మందు కలిపి వేస్తాం. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్ళకు అది వేయకూడదు, పెళ్ళయినవాళ్ళయితే డాక్టరుకు తప్పక చెప్పాలి. ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించే క్రయో కూడా పనిచేస్తుంది, మన రంగు చర్మానికి తెల్లమచ్చ మిగిల్చే అవకాశం ఎక్కువ కాబట్టి నేను చూసుకుని వాడతాను.

చెవి మీద గడ్డ ఇంత పెద్దదైనప్పుడు సూదులతోనే పూర్తిగా పోవడం కష్టం. రెండు మూడు విడతలతో దురద, ఎరుపు తగ్గించి, మెత్తబడ్డాక కోయించడం మంచిది. పై చర్మాన్ని పొరలా ఉంచి లోపలి గడ్డను మాత్రం తోడేసి, ఆ పొరతోనే కప్పి కుట్టే పద్ధతి ఉంది. చెవి ఆకారం నిలబడుతుంది, కుట్ల మీద లాగుడు ఉండదు. ఈ పని తెలిసిన ప్లాస్టిక్ సర్జన్ చేత చేయించండి. ఆపరేషన్ రోజున గాని, కుట్లు తీసే రోజున గాని మళ్ళీ సూదులు మొదలవ్వాలి. తేదీ ముందే రాయించుకోండి.

ఆ తర్వాత ఒత్తిడి క్లిప్పు. గడ్డను రెండు వైపుల నుంచి అదిమి పట్టి రక్తం తక్కువగా అందేలా చేస్తుంది. చెవి తమ్మెకైతే రెడీమేడ్‌గా దొరుకుతాయి. మీ అమ్మాయిది పై చెవి, అక్కడ అవి నిలవవు. పళ్ళసెట్లు చేసే ల్యాబుల్లో ఆక్రిలిక్‌తో చెవి కొలతకు చేయించుకోవచ్చు. ఆరు నెలల నుంచి ఏడాది దాకా, స్నానానికి తప్ప తీయకూడదు. బిగువు ఎంత ఉండాలంటే, పెట్టగానే చర్మం కొంచెం పాలిపోవాలి, నల్లబడకూడదు, నొప్పితో నిద్ర చెడకూడదు. జుట్టు వదిలేస్తే క్లిప్పు కనపడదు, కాలేజీకి వెళ్ళే పిల్లలకు ఇది పెద్ద ఊరట.

సిలికాన్ పట్టీ గురించి అందరూ అడుగుతారు. కుట్లు తీసి గాయం పూర్తిగా మూసుకున్నాక రోజుకు 12 గంటలకు తగ్గకుండా, మూడు నాలుగు నెలలు వేస్తేనే ఫలితం. రోహిణీకార్తె ఎండల్లో మన దగ్గర పట్టీ కింద చెమట పట్టి పాసిపోతుంది, పొక్కులు వస్తాయి. ఆ నెలల్లో పట్టీ బదులు సిలికాన్ జెల్ రాయమంటాను, లేదా రాత్రి మాత్రమే పట్టీ. పెరిగిపోయిన కీలాయిడ్‌ను సిలికాన్ కరిగించలేదు, కొత్తగా రాకుండా ఆపడానికే అది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీములు ఇంత మందం గడ్డలోకి దిగవు, చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని పలచబరుస్తాయి. విటమిన్ ఈ నూనె వల్ల మేలు కన్నా దద్దుర్లే ఎక్కువ చూశాను. గుర్రపు వెంట్రుకతో కట్టడం, యాసిడ్ చుక్క వేయడం లాంటివి దయచేసి చేయకండి, అవి కొత్త గాయాలు.

ఇన్ని చేసినా తిరిగి వచ్చే మొండి కీలాయిడ్‌కు, కోసిన ఒకటి రెండు రోజుల్లోనే మొదలుపెట్టే కొద్దిపాటి రేడియేషన్ బాగా పనిచేస్తుంది. రేడియేషన్ మాట వినగానే క్యాన్సర్ అనుకుని ఏడ్చేస్తారు. యంత్రం అదే, జబ్బు వేరు. పిల్లలకు, గర్భిణులకు ఇవ్వం. 19 ఏళ్ళ అమ్మాయికి కూడా మిగతావన్నీ అయ్యాకే ఆలోచించాలి. ఆపరేషన్, రేడియేషన్ రెండూ ఒకేచోట కుదరాలి కాబట్టి మన వైపు వాళ్ళం చెన్నైకో తిరుపతికో పంపుతుంటాం.

సంబంధాల తొందర నాకు అర్థమవుతుంది. అయినా ముహూర్తం దగ్గర పెట్టుకుని కోయించకండి. ఆరు నెలల తర్వాత మళ్ళీ పెరిగితే ఆ పిల్ల పడే బాధ ఇప్పటికన్నా ఎక్కువ. చూడవచ్చిన వాళ్ళకు "చెవి కుట్టు మానడంలో తేడా వచ్చింది, వైద్యం జరుగుతోంది" అని చెబితే చాలు. ఇది అంటుకునేది కాదు.

తిండి గురించి మీ అత్తగారితో గొడవ పడకండి గాని, పత్యం పేరుతో పిల్లను ఎండబెట్టకండి. కొల్లాజెన్ ప్రొటీనే, అది సరిగ్గా ముడిపడాలంటే విటమిన్ సి కావాలి. గాయం మానే రోజుల్లో పప్పు, గుడ్డు, చేపలు, ఉసిరి, జామ అన్నీ పెట్టండి. కుట్లు పచ్చిగా ఉన్నాయని వారాల తరబడి చారన్నం పెడితే గాయం మానడం ఆలస్యమవుతుంది. ఆలస్యం ఏం చేస్తుందో పైన చెప్పాను.

కాలిన గాయాల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. రెండు వారాల్లో మానిన కాలినచోట మచ్చ ఉబ్బడం తక్కువ, మూడు వారాలు దాటితే చాలా ఎక్కువ. నూనె పడిన చేతి మీద సిరా, టూత్‌పేస్ట్, సున్నం పూసి నాలుగో వారంలో తెచ్చినప్పుడు చీము, దాని కింద ముడుచుకుపోయిన వేళ్ళు. ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టి, ఆ రోజే ఆస్పత్రికి తెస్తే చాలా మచ్చలు ఉండేవే కావు. క్యాన్సర్ భయం పెట్టుకోవాల్సింది కూడా ఇక్కడే: ఏళ్ళనాటి కాలిన మచ్చ మీద కొత్తగా పుండు పడి మానకపోతే తప్పక బయాప్సీ (ముక్క తీసి ల్యాబులో చేసే పరీక్ష) చేయించాలి. మీ అమ్మాయికి ఆ పరిస్థితి లేదు. మొదటిసారి తీసిన ముక్కను ల్యాబుకు పంపి ఉంటే ఆ రిపోర్టు తీసుకెళ్ళండి, రెండోసారి కోసినా పంపమని అడగండి.

ఇక చిన్నపాప. ఇంట్లో కీలాయిడ్ ఉన్న పిల్లలకు కుట్టించకపోవడమే అన్నిటికన్నా భద్రం, ముందు అదే చెబుతాను. కానీ మన ఇళ్ళల్లో చెవులు కుట్టించకుండా ఆడపిల్లను పెంచమంటే వినేవాళ్ళు తక్కువని తెలుసు. ఇలాంటి కుటుంబాల పిల్లల్ని చూసిన ఒక అధ్యయనంలో 11 ఏళ్ళు దాటాక కుట్టించినవాళ్ళతో పోలిస్తే, అంతకన్నా ముందే కుట్టించినవాళ్ళలో కీలాయిడ్లు బాగా తక్కువ కనిపించాయి. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి చిన్నప్పుడే కుట్టించే మన అలవాటు ఈ విషయంలో మేలే చేస్తుంది. కాబట్టి కుట్టించేట్టయితే పెద్దయ్యేదాకా ఆగవద్దు. చెవి తమ్మెకు, ఒక్కొక్క రంధ్రమే. శుభ్రం చేసిన సూదితో, మేలిమి బంగారు తీగతో. గిల్టు వద్దు, పై చెవి అసలే వద్దు. జాతరలో ఒకే సూదితో వరసగా కుట్టే చోట వద్దు. కుట్టించాక మొదటి ఏడాది నెలకోసారి తమ్మెను వేళ్ళ మధ్య పట్టుకుని నొక్కి చూడండి. రంధ్రం చుట్టూ బఠాణీ గింజంత గట్టిదనం తగిలినా, దురద అని పాప చెప్పినా, కమ్మ తీసేసి ఆ వారమే చర్మ డాక్టరుకు చూపించండి. ఆ దశలో ఒకటి రెండు సూదులకే చాలాసార్లు ఆగిపోతుంది.